ముందు బెంచీ

"ఇంకొకటి ముందే చెప్పాలమ్మా," అన్నాను. "మా లూథరన్ సంఘంలో ఎవరు పోయినా సాగనంపే పాట పాడేది మా బడిపిల్లలే. లెక్కలు చెబుతున్నా సరే, ఆపేసి పక్కనున్న చర్చికి తీసుకెళ్తాను."

కూతుర్ని బడిలో చేర్చడానికొచ్చిన కార్లా మొహం ముడుచుకుంది. "పసిపిల్లల్ని శవపెట్టె ముందు నిలబెడతారా మేష్టారూ?"

"అవును. ఈ మాట విని వెనక్కి పోయినవాళ్ళున్నారు. చేర్చాక నన్ను తిట్టుకోవద్దని చెబుతున్నాను."

"ఎవరింట్లో చావైతే ఆ పిల్ల కూడా పాడాలా?"

"లేదు. ముందు బెంచీలో తనవాళ్ళ పక్కన కూర్చుంటుంది. మిగతా పిల్లలు తనకేసి చూస్తూ పాడతారు."

ఆమె కిటికీలోంచి చూసింది. బయట మంచులో ఆమె కూతురు టెస్సా అప్పుడే మా పిల్లలతో ఆటబండి కోసం పోట్లాడుతోంది.

"తనవాళ్ళంటూ ఎవరూ లేకపోతే?"

"అలా ఎక్కడన్నా..." అని ఆగిపోయాను. గది వెచ్చగా ఉన్నా వచ్చినప్పటి నుంచీ ఆమె ఉన్ని టోపీ తీయలేదు. వెళ్ళే తొందరేమో అనుకున్నాను. టోపీ కింద చెవుల దగ్గర ఒక్క వెంట్రుక కూడా లేదు.

"దాని నాన్న ఎటు పోయాడో తెలీదు. నాకు తోబుట్టువుల్లేరు," అంది. "ఈ నెబ్రాస్కాలో చాలా బళ్ళు తిరిగాను. అడగాల్సిందొక్కటే, ఎక్కడా నోరు రాలేదు. ఆ రోజు దాని పక్కన ఎవరు కూర్చుంటారు?"

"నేను కూర్చుంటానమ్మా."

"మీరు పాడించాలి కదా?"

"అక్కర్లేదు," అన్నాను. "ఆ పాట వాళ్ళకి నోటికొచ్చు."