కొత్త వెర్షన్

బెంజ్ సర్కిల్ ఆఫీసులో ముగ్గురు కూర్చున్నారు. ఆస్పత్రి డైరెక్టరు దుర్గాప్రసాద్, భవానీపురం బ్రాంచి ఇన్‌చార్జి బసవపున్నయ్య, కంప్యూటర్లు చూసే రఫీ. బయట బెంచీ మీద నర్సు రూతు ఉంది.

అది 2007, దసరా వెళ్లిన వారం. పండగ రోజుల్లో భవానీపురం బ్రాంచిలో నాలుగేళ్ల పాప చనిపోయింది. మందు మోతాదు ఎక్కువైంది. కంప్యూటర్ చూపించిందే ఇచ్చానంటోంది రూతు. పాప బరువు తప్పు కొట్టిందంటోంది యాజమాన్యం. అదే ఖాయమైతే ఆమె ఉద్యోగం పోతుంది. పోలీసు కేసు కూడా ఉంటుంది.

“నీళ్లు తాగండి రఫీ,” అన్నాడు దుర్గాప్రసాద్. “మీరు కాదంటే వేరే ఎవరినైనా పిలిచి అడిగేవాళ్లం.”

“ప్రోగ్రాం రాసింది నేనేనండి.”

రఫీ ప్రోగ్రాం రోజూ పొద్దున బ్రాంచీల సర్వర్లన్నిటిలో మందుల సాఫ్ట్‌వేర్ ఏ వెర్షన్ ఉందో చూస్తుంది. పాతదుంటే కొత్తది ఎక్కిస్తుంది. పాత వెర్షన్ పిల్లలకు పెద్దల మోతాదు చూపేది. కొత్తదాంట్లో దాన్ని సరిచేశారు.

“ఆ రోజు భవానీపురం సంగతేంటి?”

“కొత్త వెర్షన్ ఉందనే చూపించిందండి.”

“ఇంకేం మరి. సాఫ్ట్‌వేర్ తప్పు లేదు. మీక్కూడా ఎవరో ఒకరి మీద తేలడం మంచిది. సంతకం పెట్టండి.”

రఫీ కాగితం ముట్టుకోలేదు.

“నా ప్రోగ్రాం డిస్కులో ఉన్న ఫైలును చూస్తుందండి. నడుస్తున్నదాన్ని చూడదు. కొత్తది ఎక్కినా, సర్వర్ ఆపి మళ్లీ వేసేదాకా పాతదే నడుస్తుంది. పండగ మధ్యలో ఎక్కింది. అక్కడ ఆపలేదు.”

బసవపున్నయ్య తల వంచుకున్నాడు. “నవరాత్రుల మొదటిరోజు పూజ చేసి వేసిన మిషనండీ. దశమి దాకా ఆపం. ఏటా అంతే.”

“తెలుసండి. నిరుడు పూజకి నేనూ వచ్చాను. పులిహోర తిన్నాను. అది గుర్తుపెట్టుకుని రాయాల్సింది.”

“ఆపొద్దన్నది నేను కదా రఫీ.”

“ఎందుకు ఆపాలో మీకు చెప్పాల్సింది నేనండి.”

దుర్గాప్రసాద్ కళ్లజోడు తీసి తుడిచాడు.

“దశమి తర్వాత ఆపి వేశారు. ఇప్పుడు ఎవరొచ్చి చూసినా అంతా సరిగ్గానే ఉంటుంది. ఆలోచించుకోండి. ఇలా రాసిస్తే జీవితాంతం మీ మీదే ఉంటుంది.”

“రాసివ్వకపోయినా ఉంటుందండి.”

రఫీ తెల్లకాగితం అడిగి తీసుకున్నాడు. తన ప్రోగ్రాం చూడాల్సింది చూడలేదని రాశాడు. నర్సు తప్పు లేదని రాశాడు.

బయట రూతు లేచి నిలబడింది.

“మీ తప్పేం లేదని రాసిచ్చానమ్మా,” అన్నాడు రఫీ. “ఇంటికెళ్లండి.”

రూతు, భవానీపురం వార్డులో మంచం కింద ఉండిపోయిన అతని కూతురి చెప్పులు సంచిలోంచి తీసి అతని చేతికిచ్చింది.