మెడ మీద పట్టీ

రామగుండం బస్టాండులో, జ్యూస్ బండి పక్కనే నరాల బూత్ ఉండేది. మగవాళ్ళు కుర్చీలో కూర్చుంటే, మెడలోంచి సన్నని తీగ పంపి, వృషణాల దగ్గర ఉబ్బి, పిల్లలు పుట్టకుండా అడ్డుపడే నరాన్ని మూసేసేవారు. కోత లేదు, కుట్టు లేదు. కటింగ్ చేయించుకున్నంత సులువుగా లేచి బస్సెక్కేవారు.

ఓదెలు మాత్రం పెళ్ళయిన ఏడేళ్ళలో ఆ కుర్చీ ఎక్కలేదు. "నాకేం లోటు? లోటంత నీలనే ఉన్నది" అని భార్య స్వరూపను తిట్టేవాడు. ఆమె పరీక్షలన్నీ బాగున్నా, అత్త మల్లవ్వ నోట 'గొడ్రాలు' తప్ప వేరే పేరు వచ్చేది కాదు. చివరికి విడాకులిప్పించి కొడుక్కి మళ్ళీ పెళ్ళి చేద్దామని సంబంధం చూసింది. పిల్ల తండ్రి, "ముందుగాల నరం మూయించుకున్న చీటీ సూపెట్టుండ్రి" అన్నాడు.

మర్నాడే ఓదెలు మెడ మీద పట్టీతో ఇంటికొచ్చాడు. స్వరూప దాన్నే చూస్తూ నిలబడిపోయింది. తను కాళ్ళావేళ్ళా పడినా కదలనివాడు, మొహం కూడా చూడని పిల్ల కోసం వెళ్ళాడు.

మూడు నెలలకు ఓదెలు వీర్య పరీక్షలో అంతా బాగుందని తేలింది. ఆలోగా ఆ సంబంధం వాళ్ళు పిల్లను వేరేచోట ఇచ్చేశారు.

"ఇగ వేరే పిల్లెందుకే? నువ్వే ఉండు, మనుమడు పుడ్తడు" అంది మల్లవ్వ మెత్తగా.

స్వరూప సంచీ భుజానికేసుకుంది. "పుడ్తడత్తా. గని నా కడుపుల కాదు."