గేదెకు నచ్చిన చీర

"ఈ చీర కట్టుకో. లేకపోతే గేదె తన్నుద్ది," అన్నాడు శౌరయ్య.

పెళ్ళయిన మర్నాడు పొద్దున్నే, కొత్త పెళ్ళాం అమలమ్మ చేతిలో ఆకుపచ్చ మంగళగిరి చీర పెట్టాడు. అది చనిపోయిన మొదటి పెళ్ళాం తెరేసమ్మది.

"మరి ఇన్నాళ్ళూ ఎవరు పితికారండీ?"

"నేనే. అది కప్పుకుని."

అమలమ్మకి నవ్వొచ్చింది. కానీ ఏం చేస్తుంది? ప్యాకెట్టు పాలొచ్చినా భవానీపురంలో గేదెపాలే కావాలనే ఇళ్ళున్నాయి, వాటిమీదే సంసారం. కట్టుకుంది. గేదె కిక్కురుమనకుండా పాలిచ్చింది.

"చూశావా, తెరేసంటే దానికి ప్రాణం," అన్నాడు శౌరయ్య, వెనక గుంజకి ఆనుకుని.

తర్వాత తెరేసమ్మ గాజులు వేసుకోమన్నాడు. ముడి ఇంకాస్త కిందికి పెట్టుకోమన్నాడు. "వెనక్కి తిరగమాకు, గేదె బెదురుద్ది," అన్నాడు. అబ్బబ్బ, గేదెకి కూడా ఎన్ని పట్టింపులో! ఓసారి తన చీరతోనే పితకబోతే బకెట్టు లాక్కున్నాడు. "దాని ఉసురు పోసుకుంటావా!" అని అరిచాడు.

రానురాను అమలమ్మకి గేదె మనసు తెలిసిపోయింది. గేటువైపు చూస్తే ఎదురుచూపు. కంట్లో నీరు కారితే బెంగ. తల విసిరితే తనమీద కోపం. "నేను తెరేసమ్మను కానే తల్లీ, క్షమించు," అని దాని చెవిలో చెప్పుకునేది. తన పెళ్ళిచీరలు పెట్టెలో మడత విప్పకుండానే ఉన్నాయి. ఓరోజు పక్కింటావిడ పాకలోకి తొంగిచూసి "తెరేసా!" అని కెవ్వుమంది. ఆ రోజంతా అమలమ్మకి అద్దం చూసుకోవాలంటే భయమేసింది.

ఇక ఈ ఇంట్లో గేదైనా ఉండాలి, తనైనా ఉండాలి. శౌరయ్య పాలు పోయడానికెళ్ళిన సమయం చూసి, పశువుల బేరగాడు రత్తయ్యకి కబురంపింది.

రత్తయ్య వచ్చి గేదెని చుట్టూ తిరిగి చూశాడు. వీపు నిమిరాడు. "బంగారంలాంటి గొడ్డమ్మా. ఎందుకు అమ్మేస్తున్నారు?"

"తప్పు దానిది కాదు బాబాయ్. ఆవిడ చేత్తో మేత పెట్టించుకున్న ప్రాణం కదా, తెరేసమ్మను మర్చిపోలేకపోతోంది." అమలమ్మకి ఏడుపు ఆగలేదు. "నన్ను మాత్రం ఎప్పటికీ ఒప్పుకోదు."

రత్తయ్య ఆమెవైపు వింతగా చూశాడు.

"అదేంటమ్మా, తెరేసమ్మ పోయిన మరుసటేడు కదా, సంతలో దీన్ని మీ ఆయనకి నేను కొనిపెట్టింది!"