మగ్గం గుంత

సరస్వతీబాయికి కొడుకు మీద ఒకటే ఫిర్యాదు. బిందెడు నీళ్ళు తెమ్మంటే వాడికి చెవుడు. ఊళ్ళో ఎవరు ఏడ్చినా మాత్రం ఇట్టే వినపడుతుంది. ఎనభై రెండులో వాడు లా కాలేజీలో చేరినప్పటి నుంచి, ప్రతి ఆదివారం ఆదోనిలో ఆమె ఇంటి అరుగే పేదల ఉచిత న్యాయసలహా కేంద్రం.

"రేపే కోర్టు. మద్దమ్మ ఇంకా రాలేదు!" అన్నాడు కొడుకు రంగనాథ.

మద్దమ్మ ఎమ్మిగనూరులో చీరలు నేస్తుంది. ఇల్లు ఖాళీ చేయనన్నందుకు యజమాని ఉచ్చీరప్ప, ఆమె ఊళ్ళో లేనప్పుడు మగ్గం గుంతను మట్టి పోసి పూడ్పించాడు. కాళ్ళు దించే గుంత లేనిదే మగ్గం ఆడదు. మగ్గం ఆడకపోతే ఆ ఇంట్లో పొయ్యి వెలగదు. కోర్టులో వకీలు గద్దిస్తే ఆమె బెదరకుండా ఈ రోజు తాలీము చేయించాలి.

"బస్సు తప్పినట్టుంది. అంతవరకు మనం చేసి చూద్దాం," అని రంగనాథ తోటి విద్యార్థి వైపు తిరిగాడు. "నరహరీ, నువ్వు ఉచ్చీరప్ప వకీలువి. అమ్మా, నువ్వే మద్దమ్మ."

"అంట్లు ఎవరు తోముతారురా, జడ్జిగారా?"

అంతలో తలపాగా చుట్టిన ఒక పెద్దాయన మెట్లెక్కాడు. "లాయరు పిల్లోళ్ళు ఉండేది ఈడేనా?"

"ఈడేనన్నా. కూచోండి. మాకు జడ్జి తక్కువైనాడు. మీ సంగతి తర్వాత," అంది సరస్వతీబాయి కుర్చీ జరుపుతూ. ఆయన ఏదో అనబోయి, కూర్చున్నాడు.

నరహరి గొంతు పెంచాడు. "ఇల్లు ఎవరిది?"

"ఉచ్చీరప్పది సామీ," అంది సరస్వతీబాయి నవ్వుతూ.

"ఆయనింట్లో ఆయన మట్టి పోసుకుంటే నీకేం నొప్పి? మగ్గం నీదే కదా, ఎత్తుకోని పో!"

సరస్వతీబాయి ముఖంలో నవ్వు పోయింది. పోయిన ఆదివారం మద్దమ్మ వంటింటి గడప దగ్గర కూర్చుని అన్న మాటలే ఆమె నోట వచ్చాయి.

"మగ్గమైతే నెత్తిన పెట్టుకోని పోతాను సామీ. ఆ గుంత మా యత్త తవ్వింది. గుంతనెట్ల మోసుకోని పోయేది?"

నరహరి పెద్దాయన వైపు తిరిగాడు.

"జడ్జిగారూ, తీర్పు?" అన్నాడు రంగనాథ.

పెద్దాయన లేచి తలపాగా తీశాడు.

"నేనెట్ల సెప్పేదప్పా? నోటీసొచ్చిందని మీతో కొట్లాడేకి వచ్చినాను. ఆ ఉచ్చీరప్పను నేనే... తప్పు సేసినాను."