చిటికెడు మేత

"ఆదివారమే గద అద్దాలు తోమిన! ఇయ్యాల గురువారం. గింతల్నే మళ్ళ పాకురెట్ల పట్టింది తిరుమలా?"

మొదటి షిఫ్టు దిగి ఇంట్లోకి వస్తూనే సదయ్య అరిచాడు. చేతిలోని టిఫిన్ డబ్బా ఇంకా కింద పెట్టనేలేదు. అక్వేరియం అద్దాలు లోపలి నుంచి పచ్చగా అలుక్కుపోయి ఉన్నాయి. రెండు గోల్డ్ ఫిష్‌లు నీళ్ళ పైకి వచ్చి, నోళ్ళు తెరుచుకుని గాలి కోసం కొట్టుకుంటున్నాయి. మూడోది పక్కకు ఒరిగి తేలుతోంది.

వంటింట్లోంచి వచ్చిన తిరుమల దాన్ని చూసి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

అవి సహస్ర చేపలు. తొమ్మిదేళ్ళ పిల్ల. రెండు నెలల కింద జ్వరమని దవాఖానకు తీసుకుపోతే మళ్ళీ ఇంటికి రాలేదు. ఒక్కతే బిడ్డ.

"చేపల దుకాణంల తౌఫీఖ్ చెప్పినయన్ని చేస్తిని" అన్నాడు సదయ్య. "కిటికీల ఎండ పడుతుందంటే తొట్టి ఈ మూలకు జరిపిన. లైటు తక్కువ ఏస్తున్న. నీళ్ళు మారుస్తున్న. మేత ఎక్కువైతే అడుగుల మురుగుతది, గదే పాకురుకు బలమన్నడు. రోజుకు ఒక్క చిటికెడు చాలన్నడు. గందుకే మేత డబ్బ బీరువాల పెట్టి నేనే ఏస్తున్న. ఇంకేం చెయ్యాలె?"

"నాకేం తెల్సు?" అంది తిరుమల, అతని వైపు చూడకుండా.

సదయ్య టిఫిన్ డబ్బా కింద పెట్టి, చచ్చిన చేపను ఎడమ చేతిలోకి తీసుకున్నాడు. కుడిచేయి తొట్టి అడుగుదాకా పెట్టి గులకరాళ్ళు గుప్పెడు పైకి తీశాడు. రాళ్ళ మధ్య ఉబ్బిపోయిన మెతుకులు.

"ఇదేంది?"

తిరుమల వంటింటి వైపు తిరిగింది.

"అన్నమేసినవా?"

"నాలుగంటే నాలుగు మెతుకులు. డబ్బ నువ్వు దాచిపెడ్తివి. ఇంకేమెయ్యాలె నేను?"

"అసలెందుకెయ్యాలె? పొద్దుగాల నేను ఏసే పోతున్న గద! నీ చేతులతోనే సంపినవ్ దీన్ని."

ఆ మాటకు తిరుమల ముఖం పాలిపోయింది. అన్నాక సదయ్యకే ఎలాగో అనిపించింది. తల దించుకుని గుప్పిట్లోని గులకరాళ్ళను బొటనవేలితో కెలికాడు. తెల్లగా, మెత్తగా ఇంకేదో చేతికంటింది.

"మరి ఈ బన్ను ముక్కలు?"

"అవి నేనెయ్యలే."

"ఇంట్ల ఉన్నదే ఇద్దరం. ఇంకెవరేస్తరు?"

"నా బిడ్డ మీద ఒట్టు. బన్ను నేనెయ్యలే!"

లేని బిడ్డ మీద ఒట్టు పెట్టానని అన్నాక గానీ ఆమెకు తెలియలేదు.

గుమ్మం దగ్గర చెప్పుల చప్పుడైంది. పక్క క్వార్టర్ మహబూబీ. అరుపులు గోడ అవతలికి వినిపించినట్టున్నాయి. తిరుమల కుట్టు సెంటరుకు పోయేటప్పుడు ఇంటి తాళంచెవి ఆమెకే ఇచ్చి పోతుంది.

"ఆమెనేమనకు సదయ్యా" అంది మహబూబీ. "బన్ను ఏసింది నేను."

"నువ్వా అవ్వా? నువ్వెందుకేసినవ్?"

ముసలామె గడప మీద కూర్చుంది.

"మాటిచ్చిన బిడ్డా. దవాఖానకు పోయేనాడు పొద్దుగాల సహస్ర నా దగ్గరికొచ్చింది. పట్టుకుంటే ఒళ్ళు కాలిపోతుంది. 'దాదీ, అమ్మ, బాపు నా ఫికర్ల పడి చేపల్ని మరుస్తరు. నువ్వొక్కదానివే మరువవు. నేనొచ్చేదాక రోజు బువ్వ పెట్టు. ఎవ్వలకు చెప్పకు' అన్నది. రోజు పగటీలి తాళం తీసి, ఇంత ఏసి పోతున్న. దాంతోని సస్తయని నాకేం తెల్సు?"

తిరుమల గోడకు ఆనుకుని అలాగే కిందికి జారిపోయింది.

"నాకూ చెప్పింది అవ్వా" అంది వెక్కుతూ. "జడేస్తుంటే చెప్పింది. 'దాదీ ముసల్దాయె, బాపు డ్యూటీల ఉంటడు. నువ్వొక్కదానివే పెడ్తవమ్మా, ఎవ్వలకు చెప్పకు' అన్నది."

మహబూబీ రెండు చేతులతో ముఖం కప్పుకుంది. ఇద్దరాడవాళ్ళూ ఏడుస్తున్నారు. సదయ్య మాత్రం అరచేతిలోని చేపనే చూస్తూ నిలబడ్డాడు. తల ఎత్తకుండానే చెప్పాడు.

"దవాఖానకు పోతుంటే ఆటోల నా ఒళ్ళె పండుకొని, నన్ను ఒంగుమని చెవుల చెప్పింది... 'అమ్మ, దాదీ ఇద్దరు మరుస్తరు బాపూ, నువ్వొక్కనివే పెడ్తవ్' అని."