తీసేసిన చప్పుడు

"బాబూ, ఈ పాటలో కాలి చప్పుడు ఏది?"

కొట్లో ఉన్నవాళ్ళంతా అటు తిరిగారు.

అడిగింది డెబ్భై దాటిన నల్లజాతి ముసలామె. తలమీద చర్చికి పెట్టుకెళ్ళే టోపీ, వాచిన పాదాలకు మగవాళ్ళ బూట్లు.

ఆ మధ్యాహ్నం యాజూ నది ఒడ్డున హొసేయా రికార్డుల కొట్టు పండగలా ఉంది. ఓథా పింక్‌స్టన్ అరవై ఏళ్ళ కిందట తన వంటింట్లో కూర్చుని గిటార్ మీద పాడిన పద్నాలుగు బ్లూస్ పాటలు కొత్త రికార్డుగా మళ్ళీ వచ్చాయి. పాత టేపులోని గరగరలన్నీ తీసి శుభ్రం చేసింది కోయ్ హాడ్లీ. వచ్చినవాళ్ళు మొక్కజొన్న పిండితో చేసిన వేడి టమాలీలు తింటూ అతన్ని తెగ మెచ్చుకుంటున్నారు.

"కాలి చప్పుడు కాదమ్మా. నేల మీది చెక్క వదులై కొట్టుకుంది. అది తీయడానికే నాకు మూడు నెలలు పట్టింది," అన్నాడు కోయ్.

"చెక్క కాదు బాబూ, మడమ."

"ఎవరి మడమ? ఓథా గారి కాళ్ళు రెండూ రంపపు మిల్లులో పోయాయి. ఈ పాటలు పాడింది ఆ తర్వాతే. మీకు తెలియదేమో!"

ఎవరో కిసుక్కున నవ్వారు.

"తెలుసు," అందామె. "మొదటి పాట ఇంకొక్కసారి పెట్టు."

పాట మళ్ళీ మొదలైంది. ఆమె కళ్ళు మూసుకుని వింది.

"పాపం, ఒక్కడే పాడుతున్నట్టుంది," అంది చివరికి.

"ఒక్కడేగా మరి! అట్ట వెనక కూడా అదే రాశాను, ఒంటరివాడి గొంతు అని."

ఆమె ఏదో చెప్పబోయింది. ఇంతలో రేడియోవాళ్ళు కోయ్‌ని పిలిచారు. అతను తిరిగొచ్చేసరికి కుర్చీ ఖాళీగా ఉంది.

"ఎవరామె?" అని కొట్టు యజమాని హొసేయాని అడిగాడు.

"వెర్లీన్ అని, మౌంట్ నీబో చర్చి పక్కన ఉంటుంది. ఇన్నాళ్ళూ ఇళ్ళలో బట్టలు ఇస్త్రీ చేసి బతికింది. పట్టించుకోకయ్యా. ఆ వయసులో లేనివి కూడా వినిపిస్తాయి."

పత్రికలు కోయ్ పనిని ఆకాశానికెత్తాయి. అతనికి మాత్రం మనసు కుదుటపడలేదు.

వారం తర్వాత పాత టేపు బయటికి తీసి విన్నాడు.

మూడో పాటలో ఓథా ఒకచోట చరణం మరిచిపోయాడు. ఆ చప్పుడూ ఆగింది. ఓథా నవ్వాడు. చప్పుడు గబగబా రెండుసార్లు మోగింది. అప్పుడు ఓథా అందుకున్నాడు.

వదులైన చెక్క అలా ఆగదు. నవ్వుకు బదులివ్వదు.

కోయ్ టేపు ఆపాడు. వెంటనే రికార్డు కంపెనీకి ఫోన్ చేశాడు.

"ఆ చప్పుడు మళ్ళీ పెట్టాలి. నేను తప్పు చేశాను."

"జనానికి ఇలాగే నచ్చింది కదా. ఇంక దాని జోలికి పోకు," అన్నారు అవతలివాళ్ళు.

మర్నాడు పొద్దున్నే పాత టేపు కాపీ తీసుకుని బయల్దేరాడు. కనీసం ఆమెకైనా వినిపించాలి. క్షమించమని అడగాలి. ఆ మడమ ఎవరిదో కనుక్కోవాలి.

మౌంట్ నీబో చర్చి ముందు కార్లు బారులు తీరి ఉన్నాయి. తెల్ల చేతితొడుగులు వేసుకున్న ఒకావిడ గుమ్మంలో ఎదురొచ్చింది.

"మీరు ఆవిడ తరఫు బంధువులా?"

"కాదండీ. వెర్లీన్ గారితో మాట్లాడాలని వచ్చాను."

ఆవిడ అతని ముఖంలోకి ఒక్క క్షణం చూసింది. అతని చేతిలో ఒక మడత కాగితం పెట్టి, చివరి బల్ల చూపించింది.

కాగితం మీద టోపీ పెట్టుకున్న వెర్లీన్ ఫొటో ఉంది. కింద రెండు తేదీలు. రెండోది మొన్న మంగళవారం.

మడత లోపల ఆమె జీవితం నాలుగు ముక్కల్లో రాశారు. ఎక్కడ పుట్టింది, ఎవర్ని కట్టుకుంది, ఎందర్ని పెంచింది. కోయ్ చదువుతూ చివరి వాక్యానికొచ్చాడు:

"కాళ్ళు పోయాక తాళం వేసుకోలేక పాటే మానేసిన మేనమామ ఓథా పింక్‌స్టన్ పక్కన పదమూడో ఏట కూర్చుని, పద్నాలుగు పాటలకూ ఆయన కాళ్ళు తానే అయింది మన వెర్లీన్."