చెవుల నిండా రొద

కలకత్తా చాందినీ చౌక్‌లో ఒక కొట్టులో పైడి నాలుగో హెడ్‌ఫోను చెవులకు పెట్టుకుంది. ధర తక్కువుండాలి, మెటల్ పాటల డ్రమ్ములు మాత్రం గుండెల్లో మోగాలి.

"ఈ రొద ఇండానికి కొనడం కూడానేటి? రేకుడబ్బా మీద కర్రెట్టి కొడితే సరిపోద్ది," అని వెక్కిరించాడు తండ్రి గురువులు.

"నువ్వోపాలి ఇను నాన్నా!" పైడి హెడ్‌ఫోను తీసి ఆయన చెవులకు తగిలించి, పాట జోరు పెంచింది.

గురువులు నవ్వు ఆగిపోయింది.

"ఏటి, ఎలాగుంది?"

ఆమె పెదవులు చూసి, ఆయన చేత్తో 'బాగా నడుస్తంది' అని సైగ చేశాడు. జూట్ మిల్లులో మగ్గాల హోరుకి మాట వినబడక పనివాళ్లు చేసుకునే సైగ అది. బడ్జ్ బడ్జ్‌లో ఆయన పనిచేసిన మిల్లు మూతపడి నాలుగేళ్లయింది.

పైడి హెడ్‌ఫోను తీయబోయింది. ఆయన ఆమె చెయ్యి పట్టుకుని, కొట్టంతా ఉలిక్కిపడేలా అరిచాడు:

"ఉండమ్మా! షిఫ్టవనీ!"